పెద్దమ్మ వాంగ్మూలం

మా వంటగది బల్ల దగ్గర నుంచి
జూన్ మొదటివారం

అక్కా,

నేను ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్లో నేను "అక్కా" అనేలోపు నువ్వు మీ ఊరి సంగతులన్నీ చెప్పేసి, "సరే, స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి" అని పెట్టేస్తావు. గొంతు పెంచి నీ మాటకు అడ్డం పడటం ఈ యాభయ్యేళ్ళలో నాకు చేతకాలేదు, ఇక రాదు. ఈసారి నేను చివరిదాకా చెప్పాలి, నువ్వు చివరిదాకా వినాలి. అందుకే కలం పట్టాను.

మిడత గురించి. పిల్ల హెల్త్ కార్డు ఆగిపోయింది.

పిల్లల కార్డు పందొమ్మిదేళ్ళు నిండగానే అయిపోతుంది, ఆ సంగతి ముందే తెలుసు. ఆ తర్వాత ఇంకోటి ఇవ్వాలి. అమ్మానాన్నల దగ్గర పెరిగిన పిల్లలకు ఇరవయ్యారేళ్ళదాకా వాళ్ళ అమ్మానాన్నల కార్డు నడుస్తుంది. ప్రభుత్వం పెంపకంలో ఉండగా పద్దెనిమిది నిండిన పిల్లలకు ప్రభుత్వమే అమ్మానాన్న కాబట్టి, వాళ్ళకూ అంతవరకూ ఇస్తారు. మాలాంటి వాళ్ళ ఇళ్ళల్లో పిల్లల్ని ఉంచినప్పుడు ఆఫీసువాళ్ళే ఈ మాట చెప్పారు. ఎంత బాగుందో అనుకున్నాను అప్పుడు.

నిన్న మిడతను తీసుకుని ఆ ఆఫీసుకు వెళ్ళాను. కిటికీ అవతల కూర్చున్నావిడ కంప్యూటర్‌లో చూసి, "నీ పేరు లేదమ్మా" అంది.

"లేకపోవడమేమిటండీ? దీన్ని పదకొండేళ్ళప్పుడు మీరే తెచ్చి మా ఇంట్లో దింపారు."

"పద్దెనిమిది నిండేనాటికి మీ ఇంట్లో లేదు. అంతకు ముందే బంధువులకు అప్పగించి ఫైలు మూసేశారు."

"దానికి బంధువులెవరండీ? ఉంటే మా దగ్గరికెందుకు వస్తుంది?"

"అది నన్నడిగితే ఎలాగమ్మా? ఉన్నది చెప్తున్నా. తర్వాతెవరు?"

నేను ఎవర్నీ తిట్టను, నీకు తెలుసు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని దేవుణ్ణి తలుచుకుందామనుకున్నాను. దేవుడి పేరు నోటికి రాలేదక్కా. "తర్వాతెవరు" అన్న మాటే చెవిలో గింగురుమంది. పక్కన మిడత నా చెప్పు తెగితే పిన్నీసు పెడుతూ, "పోనీలే పిన్నీ, నాకు ఫిట్స్ వచ్చి రెండేళ్ళు దాటింది, తగ్గిపోయిందేమో" అంది. మాత్రలు వేసుకుంటోంది కాబట్టి రాలేదని దానికి తెలుసు. నా మొహం చూడలేక అంది.

ప్రస్తుతానికి నెలకు సరిపడా మాత్రలు మేమే కొనిచ్చాం. ఎప్పటికీ కొనలేం, పైగా ఏడాదికోసారి స్కానింగు, పెద్దడాక్టరు. అది పని చేసేదేమో లాండ్రీలో, వేడివేడి ఇస్త్రీ యంత్రాల మధ్య.

దాని పద్దెనిమిదో పుట్టినరోజప్పుడు అది మీ ఇంట్లో ఉంది. నాకు ఆపరేషన్ అయితే, నేను లేచి తిరిగేదాకా నీ దగ్గరికి పంపించాను. అప్పుడు ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చారా? ఏమడిగారు? నువ్వేం చెప్పావు?

నీ చెల్లెలు


కుట్టుమిషను పక్కనుంచి
జూన్

ఒసే చెల్లీ,

ఉత్తరం అందింది. నీ చేతిరాత చూసి ఎవరో పోయారనుకుని గుండె ఆగినంత పనైంది. ఇంకోసారి రాస్తే కవరు మీద "అందరూ క్షేమం" అని ముందే రాయి.

వచ్చాడు ఒకాయన. ఇంత లావు ఫైలు చంకలో పెట్టుకుని వచ్చి, మంచినీళ్ళడిగి తాగి, కుర్చీలో కూర్చుని ఏదో గీకి పోయాడు. ఏం మాట్లాడానో ఇప్పుడెలా గుర్తుంటుంది? నేను రోజుకు యాభైమందితో మాట్లాడతాను. నడుము కొలత అడిగితే సంసారం కష్టాలు చెప్పేవాళ్ళు కొందరు, జాకెట్టు బిగువైతే నేను తప్పు కుట్టానని పోట్లాడేవాళ్ళు కొందరు. అందులో వాడొకడు.

తప్పు వాళ్ళది, సరిదిద్దాల్సిందీ వాళ్ళే. నువ్వు వెళ్ళి "అయ్యా, అమ్మా" అని చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంటావు. నిన్ను చూస్తే ఎవరికైనా "తర్వాతెవరు" అనాలనే అనిపిస్తుంది. మళ్ళీ వెళ్ళు. బల్ల గుద్ది అడుగు. బల్ల గుద్దడం రాకపోతే మీ ఆయన్ని తీసుకెళ్ళు, బస్సు నడిపేవాడు కదా, హారన్ కొట్టినట్టు ఒక్క అరుపు అరవమను.

పిల్ల తింటోందా? దానికి రెండు జతలు కుట్టి పంపుతున్నాను. చేతులు పొడుగ్గా పెట్టాను, ఆ యంత్రాల దగ్గర కాలకుండా.

అక్క


ఆసుపత్రి వరండా నుంచి
జూలై

అక్కా,

అందరూ క్షేమం అని రాయలేను.

మిడత పనిలో ఉండగా పడిపోయింది. ఇస్త్రీ యంత్రం పక్కనే. తోటిపిల్లలు లాగేసరికి కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టుదాకా కాలింది. నువ్వు కుట్టిన పొడుగుచేతుల జాకెట్టే వేసుకుంది. గుడ్డ చర్మానికి అంటుకుపోకుండా కాపాడిందని నర్సు అంది, అది నీకు చెప్పాలి. ప్రాణానికి భయం లేదు.

లాండ్రీ పైన దాని గదికి బట్టలు తేవడానికి వెళ్ళాను. దాని పౌడరు డబ్బా మూతలో మాత్రలున్నాయి, అన్నీ సగానికి విరిచినవి. కార్డు ఆగిన రోజు నుంచీ సగం సగం వేసుకుంటోందట. ఎందుకే అంటే, "నెల మాత్రలు రెండు నెలలొస్తాయి కదా పిన్నీ, బాబాయి మళ్ళీ కొనక్కర్లేదు కదా" అంది. లెక్క ఎంత బాగా వచ్చో చూడు. పొదుపు నేర్పింది నేనే.

ఇక్కడి కౌంటర్ దగ్గర అతను అడిగాడు. "పేషెంటుకు మీరేమవుతారు?"

"పెంచానండి."

"పెంచడం కాదమ్మా. ఏమవుతారు? అమ్మ, నాన్న, భర్త, ఇతరులు. ఏదో ఒకటి చెప్పండి."

"ఇతరులు" అన్నాను.

చూశావా? కార్డు అడిగిన చోట దానికి బంధువులున్నారు. చెయ్యి కాలి పడుకున్న చోట అందరం ఇతరులం.

నువ్వన్నట్టే ఆఫీసుకు మళ్ళీ వెళ్ళాను. బల్ల గుద్దలేదు. కానీ కదల్లేదు. "తర్వాతెవరు" అన్నా కిటికీ దగ్గరే నిలబడ్డాను. వెనక వరసలో వాళ్ళు గొణిగారు. ఒకాయన "పెద్దావిడ, పాపం" అన్నాడు, ఇంకొకాయన "పాపం ఏమిటి, నాకు డ్యూటీ ఉంది" అన్నాడు. చివరికి ఆవిడే విసుక్కుని లోపలికి పిలిపించి ఫైలు చూపించింది.

అందులో ఆ అధికారి రాసినది చదివాను. అమ్మాయి పెద్దమ్మ ఇంట్లో ఉన్నదనీ, "మా పిల్ల, ఉన్నన్నాళ్ళు ఉంటుంది, మీకెందుకు" అని ఆమె చెప్పినదనీ, కాబట్టి బంధువుల సంరక్షణకు చేరినట్టు భావించి ఫైలు మూయడమైనదనీ. తేదీ మిడత పద్దెనిమిదో పుట్టినరోజుకు కొద్దిరోజుల ముందుది.

నీకు గుర్తులేదన్నావు కదా అక్కా. నాకైతే చదవగానే నీ గొంతు వినిపించింది.

నిన్నేం అనడం లేదు. నా ఇంట్లోకి వచ్చే పిల్లలందరూ నన్ను పిన్నీ అనే అంటారు, అమ్మ అన్న మాట వాళ్ళ అమ్మలకే ఉండనీ అని నేనే అలా నేర్పాను. నేను పిన్నినైతే నువ్వు పెద్దమ్మవే కదా. కానీ ఒక మాటకు ఒక పిల్ల మందులు ఆపేస్తారా? పుట్టినప్పటినుంచీ దానికి ఎవరున్నారో ఆ ఫైల్లో పేజీలకు పేజీలుంది. ఆయన వెనక్కి ఒక్క కాగితం తిప్పి చూడలేకపోయాడా?

దారి ఒకటే ఉందట. నువ్వు స్వయంగా వచ్చి, ఆ అమ్మాయికీ నీకూ ఏ బంధుత్వమూ లేదనీ, అప్పుడు చెప్పినది నిజం కాదనీ వాంగ్మూలం ఇవ్వాలి. మిడత కూడా ఎదురుగా కూర్చుని అవునని చెప్పాలి. అప్పుడు ఫైలు తెరుస్తారు.

ఎప్పుడొస్తావు?

చెల్లెలు


కుట్టుమిషను పక్కనుంచి
జూలై

చెల్లీ,

రాను.

చెయ్యి కాలిందని చదివి రెండు రోజులు మిషను తొక్కలేదు. ఆ పిల్లకు ఏం కావాలన్నా చేస్తాను. మాత్రలు నేను కొంటాను. ఇంకో నాలుగు గిరాకీలు ఒప్పుకుంటాను, లేకపోతే ఈ మిషను అమ్మేస్తాను. కానీ అది నాకేమీ కాదని నా నోటితో చెప్పమనకు.

గుర్తులేదన్నది అబద్ధం. అంతా గుర్తుంది.

ఆయన వచ్చినప్పుడు అది లోపలి గదిలో గుండీలు కుడుతోంది. తలుపు ఓరగా వేసుంది. ఆయన నన్నడిగాడు, "ఈ కేసు ఇక్కడ ఎన్నాళ్ళుంటుంది?" అని. కేసు! నా ఎదురుగా కూర్చుని, నా గ్లాసులో నీళ్ళు తాగి. ఒళ్ళు మండింది. "కేసేమిటయ్యా, మనిషి" అన్నాను. "అదేనమ్మా, పద్దెనిమిది నిండుతోంది కదా, ఆ తర్వాత ఎక్కడికి పోతుంది? ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. గుండీలు కుట్టడానికి చప్పుడుండదు కానీ, లోపల కత్తెర కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆగి వింటోంది. తలుపు కింద దాని పాదాలు కనిపిస్తున్నాయి.

ఏం చెప్పమంటావు? "ఎవరూ లేరండి, ఎటు పోతుందో ఏమో" అనమంటావా, అది వింటుండగా? అన్నాను, మా పిల్లేనని. ఉన్నన్నాళ్ళు ఉంటుందని. నువ్వెవరు అంటే పెద్దమ్మనన్నాను. ఇంకోసారి అడిగినా అదే అంటాను.

ఆయన వెళ్ళాక అది బయటికొచ్చి ఏమీ జరగనట్టు, "పెద్దమ్మా, సూది ఇరిగింది" అంది. విరగలేదు. చూశాను. ఊరికే పిలవడానికి పిలిచింది.

ఇప్పుడు దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అదంతా అబద్ధమని చెప్పాలా? వాళ్ళకు మనుషులు కనపడరా? పిల్లకు ఎవరూ లేరంటే మందులిస్తారు, ఉన్నారంటే ఇవ్వరు. ఏ బుర్ర తక్కువ వెధవ పెట్టాడు ఈ రూలు?

మాత్రలకు పంపుతాను. ఇంకేమీ అడక్కు.

అక్క


వంటగది బల్ల దగ్గర నుంచి
ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు, ఆ పాదాల సంగతి.

మిడతను ఇంటికి తెచ్చాం. చేతికట్టు ఇంకా ఉంది. లాండ్రీవాళ్ళు బాగయ్యాక చూద్దామన్నారు. వాళ్ళు "చూద్దాం" అంటే ఏమిటో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నువ్వు రానన్నావని దానికి చెప్పలేదు. ముందు వాంగ్మూలం సంగతే చెప్పాను. అది పళ్ళెం పక్కకు జరిపి, "పెద్దమ్మ నాకేమీ కాదని రాసిచ్చేటట్టయితే నాకు కార్డే వద్దు" అంది.

"మందులొద్దా?"

"వద్దు. నన్ను మా పిల్ల అని ఆఫీసువాళ్ళతో అన్నది ఒక్క పెద్దమ్మే. పిన్నీ, నువ్వు కూడా వాళ్ళ ముందు ఎప్పుడూ 'మీరు అప్పగించిన అమ్మాయి' అనే అన్నావు. ఆ ఒక్క మాటనూ నువ్వే కొట్టేయిస్తావా?"

అది నిజమే అక్కా. వాళ్ళు వచ్చినప్పుడు నేను రూలు ప్రకారం మాట్లాడతాను. భయం.

అప్పుడు అరిచాను. నేనే. "చచ్చాక ఎవరికే పిల్లవి నువ్వు?" అని అరిచాను. మీ మరిది స్నానాల గదిలోంచి ఒంటినిండా సబ్బు నురగతో వచ్చేశాడు, ఇంట్లో దొంగలు పడ్డారనుకుని. మిడతకు ఏడుపాగక, ఆయన్ని చూసి నవ్వాగక, రెండూ కలిసి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఆయన నీళ్ళు కారుతూనే గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆఫీసువాళ్ళేం రాసుకున్నా దేవుడికి తెలుసులే అని ఎవరికైనా చెబుతాను నేను. దానితో మాత్రం ఆ మాట అనలేకపోయాను. ఎవరికెవరో దేవుడికి తప్ప ఇంకెవరికీ తెలియకుండా ఇన్నేళ్ళు బతికిన పిల్ల అది. నోరున్న మనిషి ఒకరు చెబితే వినాలనుకుంది.

కానీ అక్కా, నువ్వు మాత్రలు కొంటే అది మళ్ళీ విరుస్తుంది. నీ నడుము నొప్పి తలుచుకుని, నీ మిషను తలుచుకుని, ఈసారి నాలుగు ముక్కలు చేస్తుంది. తన పేరు మీద వచ్చినవైతేనే అది మొత్తం మింగుతుంది. ఈ ఒక్కటి ఆలోచించు.

నేనెప్పుడూ నిన్నేదీ గట్టిగా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వాళ్ళ రూలు మీద నాకు నీకన్నా ఎక్కువ మంటగా ఉంది. ఆ మంట ఆరే పని లేదు. అయినా రా. బస్సు దిగి నేరుగా ఆఫీసుకు వెళ్ళు. మిడతను నేను ఒప్పించి పంపిస్తాను. నేను రాలేను, కొత్తగా ఒక చిన్నదాన్ని తెచ్చి అప్పగించారు, ఆరేళ్ళది. ఎవరి దగ్గరా ఉండటం లేదు, నా కొంగు వదలడం లేదు.

చెల్లెలు


కుట్టుమిషను పక్కనుంచి
సెప్టెంబరు

చెల్లీ,

మీ ఇంటికి రాకుండా బస్సెక్కేశానని అలగకు. నీ మొహం చూస్తే అక్కడే కూలబడేదాన్ని. లోపలేం జరిగిందో పిల్ల నీకు చెప్పి ఉండదు. నేను చెబుతాను.

చిన్న గది. మా ఇద్దరినీ బల్లకు చెరో చివరా కూర్చోబెట్టారు, ఒకరికొకరు సైగలు చేసుకుంటామనేమో. మధ్యలో అధికారిణి. చెడ్డ మనిషేమీ కాదు, అదే నాకింకా కోపం. ఫ్యాను తిప్పుకోమంది, మంచినీళ్ళు తాగమంది.

"ఈ అమ్మాయితో మీకు రక్తసంబంధం ఉందా?"

"లేదు."

"పెళ్ళి ద్వారా?"

"లేదు."

"దత్తత?"

"లేదు."

"మరి పెద్దమ్మనని ఎందుకు చెప్పారు?"

నోరు పెగల్లేదే. నాకు! మా వీధి చివరిదాకా వినపడే గొంతు నాది. బల్ల మీద గీత చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ మెల్లగా అడిగింది, "అంటే అప్పుడు అబద్ధం చెప్పారని రాసుకోమంటారా?"

అప్పుడు మిడత అందుకుంది. "అవునండి, అబద్ధమేనండి. ఆవిడ అందర్నీ అలాగే అంటారండి. కుట్టుమిషనును కూడా మా పిల్ల అంటారండి."

ఆవిడ నవ్వింది. మిడత కూడా నవ్వింది. కట్టు ఉన్న చెయ్యి బల్ల కింద పెట్టుకుని, నా వైపు చూడకుండా నవ్వింది.

"నీకు ఈవిడ ఏమవుతారమ్మా?"

"ఏమీ కారండి."

కాగితం నా ముందుకు తోశారు సంతకానికి. కళ్ళద్దాలు కనపడలేదు. సంచీ అంతా వెతికాను, ఒళ్ళో వెతికాను. మా ఇంట్లో అయితే ఈపాటికి అది "పెద్దమ్మా, నెత్తి మీదున్నాయి చూసుకో, వాటిక్కూడా గుండీలు కుట్టాలి నీకు" అని ఎగతాళి చేసేది. ఇక్కడ ఒక్క క్షణం ఆగింది. పెదవి కదిలింది. ఎక్కడ ఆ మాట అనేస్తుందోనని హడలిపోయాను. తర్వాత, బస్సులో పక్కసీటు మనిషితో మాట్లాడినట్టు అంది:

"అమ్మగారూ, మీ కళ్ళద్దాలు నెత్తిమీద ఉన్నాయండి."

అబద్ధం చెప్పానని సంతకం పెట్టినప్పుడు కూడా నాకంత నొప్పి పుట్టలేదు. ఆ "అండి"కి పుట్టింది. ఎంత బాగా అందో! ఎంత అలవాటో దానికి, ఎవరికీ ఏమీ కానట్టు మాట్లాడటం!

గేటు దాటి మలుపు తిరిగేదాకా అది నా వెనకే, దూరంగా నడిచింది. మలుపు తిరిగాక వచ్చి నా చేతిసంచీ లాక్కుని భుజాన వేసుకుంది. "కాలిన చెయ్యే, బరువు మొయ్యకు" అన్నాను. "ఎడం చెయ్యి నీ సొమ్మా?" అంది. అంతే మాట్లాడుకున్నాం. బస్సు కదిలాక కూడా అక్కడే నిలబడింది.

అక్క


వంటగది బల్ల దగ్గర నుంచి
అక్టోబరు

అక్కా,

ముందు ఇది: అందరూ క్షేమం. కార్డు వచ్చింది. పెద్దడాక్టరు చూశాడు, మాత్రలు మార్చాడు. రాత్రి అన్నం తిన్నాక నా ఎదురుగా నిలబడి, నాలిక చాపి మరీ చూపించి మింగుతోంది, నువ్వు ఫోన్లో చెప్పావట కదా అలా చెయ్యమని. కొత్త పని వెతుక్కుంటోంది, వేడి లేనిది.

నాకు మాత్రం సంతోషం నిండుగా రావడం లేదు. ప్రార్థనకు కూర్చుంటే మొదట కృతజ్ఞత చెప్పాలి కదా. చెబుతున్నాను. ఆ వెంటనే ఆ బల్ల గుర్తొస్తుంది. మిమ్మల్ని చెరో చివరా కూర్చోబెట్టిన బల్ల. ఆ పిల్ల చెయ్యి మీద మచ్చ చూసినప్పుడల్లా కోపం వస్తుంది. కోపం పాపమంటారు. ఈ కోపం పాపమని నాకు అనిపించడం లేదు.

పోయినవారం ఆఫీసులో పెంపకం తల్లుల సమావేశం పెట్టారు. ఎప్పుడూ వెనక వరసలో కూర్చునేదాన్ని. ఈసారి లేచాను. పిల్లకు పద్దెనిమిది నిండే రోజున ఎక్కడ పడుకున్నా సరే, అది మీ లెక్కలోనే ఉందని మాకు ముందే రాసివ్వండి, ఊరికెళ్ళినా, చుట్టపుచూపుగా ఎక్కడున్నా, అన్నాను. "కాస్త గట్టిగా చెప్పండమ్మా" అన్నారు. గట్టిగా చెప్పాను. పక్కనున్న ఇద్దరు తల్లులు కూడా లేచారు. ఒకావిడ పెంచిన అబ్బాయికి ఇన్సులిన్ ఆగిపోయిందట, ఇలాగే, మేనమామ అని ఎవరో అన్నందుకు. "పరిశీలిస్తాం" అన్నారు. నేను ప్రతి నెలా వెళ్ళి అడుగుతాను. నా మొహం చూసి విసుగు పుట్టాలి వాళ్ళకు.

చిన్నది మొన్న మొదటిసారి నన్ను పిన్నీ అంది. ఆ వెంటనే మిడతను చూపించి, "నేను నిన్నేమనాలి?" అని అడిగింది. మిడత నా వైపు చూసింది. ఆఫీసువాళ్ళ ముందు అనకూడని మాటలు చిన్నదానికిప్పటి నుంచే నేర్పాలా అని నా భయం, మిడతకు అర్థమైంది. అది మాత్రం భయపడలేదు. "అక్కా అను. ఎవరి ముందైనా అను. కాగితాల సంగతి నేను చూసుకుంటాను" అంది.

ఇక అసలు మాట. ఏడాదికోసారి ఫైలు మళ్ళీ చూస్తారట, ఇరవయ్యారు నిండేదాకా. అనుమానం వస్తే మీ ఇంటికి కూడా వస్తారట. అందుకని ఈ ఉత్తరాలు నీ దగ్గరున్నవి నువ్వు, నా దగ్గరున్నవి నేను జాగ్రత్తగా పెట్టుకుందాం. చింపకు. పొరపాటున కూడా పొయ్యిలో వెయ్యకు. గుడ్డముక్కల మూటలో అడుగున పెట్టు. ఎవరొచ్చి అడిగినా చూపించకు.

వీటిల్లో ఏ పేజీ తీసినా, అది మన పిల్లేనని ఉంది.

నీ చెల్లెలు